మన కొండ బూజు

మా వైపు నేలలో మట్టి ఉండదు. నల్లటి లావా రాయి, దాని సందుల్లో పిచ్చి మొక్కలు, రోజూ వాన. మా దీవిలో హిలో ఊరి పక్కనున్న ఈ పూనాలో ఎవరికైనా తోట కావాలంటే ముందు మట్టిని తయారుచేసుకోవాలి, ఆ తర్వాతే మొక్క సంగతి. ఆ మట్టి తయారుచేయడంలో ఎడ్నా ఆంటీని మించినవాళ్లు లేరని జనం అనేవారు. ఆ ఎడ్నాని నేనే. కాదని నేనూ ఎప్పుడూ అనలేదు. నాకు వినయం తక్కువ.

నా పద్ధతి పాతదే. అన్నం కాస్త బిరుసుగా వండి, చెక్కపెట్టెలో పరిచి, పైన కాగితం కట్టి, కొండమీద వెదురు పొదల కింద కుళ్లిన ఆకుల్లో పాతిపెడతాను. నాలుగైదు రోజులకి అన్నం మీద బూజు పడుతుంది. అది తెల్లగా, పత్తి విప్పినట్టు ఉంటే ఇంటికి తెస్తాను. నలుపో పచ్చో కనిపిస్తే అక్కడే పారబోస్తాను. తెల్లదాన్ని ముడి చక్కెరతో పిసికి, తవుడులో కలిపి కుప్పపోస్తే రెండు రోజుల్లో ఆ కుప్ప చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. చేపల తలలు చక్కెరలో ఏడాదిగా ఊరుతున్న జాడీ ఒకటి, వేయించిన గుడ్డు పెంకులు నానేసిన వెనిగర్ సీసా ఒకటి, పొద్దు పొడవకముందు తుంచిన చిలగడదుంప చిగుళ్ల రసం ఒకటి. చక్కెర, వెనిగర్ తప్ప కొట్లో కొన్నది ఏదీ నా మొక్కల దగ్గరికి రాదు.

చుట్టుపక్కల ఆడా మగా తమ అన్నం పెట్టెలు ట్రక్కుల్లో వేసుకుని వచ్చి నాకు చూపించేవాళ్లు.

“ఆంటీ, ఇది పనికొస్తుందా? కాస్త భయంగా ఉంది.”

“తెల్లగానే ఉంది కదురా. తెల్లది మనది, రంగుంటే పరాయిది. మన కొండ బూజు మనల్నేం చేస్తుంది? మన తాతముత్తాతల్ని మట్టి చేసింది అదే.”

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. ఈ మాట నేను కొన్ని వందలసార్లు అని ఉంటాను.

నా చెల్లెలు హౌలానీకి రక్త కేన్సర్ వచ్చింది. అమ్మ పోయేనాటికి దానికి తొమ్మిదేళ్లు, నాకు ఇరవై ఒకటి. జడ వేసింది నేను, బడికి పంపింది నేను, బస్సు డ్రైవర్ రుఫీనోకిచ్చి పెళ్లి చేసింది నేను. కేన్సర్ మందులు మొదలైన నాలుగు నెలలకి అది చీపురుపుల్లయింది. అన్నం చూస్తేనే వాంతి. ఇంకో అయిదారు కిలోలు తగ్గితే మందు ఆపేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మందు ఆపితే ఏమవుతుందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆకలి పుట్టించడానికి గంజాయి పనికొస్తుందని మాకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. వైద్యానికి గంజాయి వాడుకోవచ్చనే కార్డు హౌలానీ పేరు మీద తీసుకుని, నా పెరట్లో పది మొక్కలు వేశాను. ఒక్కో కాండానికి కార్డు నంబరు చీటీ కట్టాను. చట్టానికి తలవంచడం నాకు అలవాటు లేదు గానీ, చెల్లెలి కోసం వంచాను.

రుఫీనో ఒప్పుకోలేదు.

“వదినా, డాక్టరమ్మ పొగ వద్దంది. దీనికి ఒంట్లో తెల్లకణాలే లేవు, మట్టి దగ్గరికి కూడా పోనివ్వద్దంది. హిలోలో గంజాయి అమ్మే లైసెన్సు కొట్టుంది. పరీక్ష చేసిన చుక్కల మందు ఇస్తారు, నాలిక కింద వేసుకుంటే చాలు.”

“ఎవడు పండించాడో, దానికి ఏ విషం కొట్టాడో నీకు తెలుసా?”

“పరీక్ష చేసినట్టు చీటీ అంటిస్తారు వదినా.”

“అయితే ఆ చీటీ నమిలించు నా చెల్లెలి చేత. రుఫీనో, నువ్వు బస్సు తోలుకో. మొక్కల సంగతి నాకొదిలెయ్.”

అతను తల వంచుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. మంచివాడు. మంచివాడు కాబట్టే నా నోటికి లోకువయ్యాడు. చుక్కల మందు మాత్రం తెచ్చాడు. హౌలానీ మొదటిసారి వేసుకున్న వెంటనే కక్కేసింది. దానికి కడుపులో తిప్పుతుంటే నాకు లోలోపల సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

అక్టోబరులో మొక్కలు కోతకొచ్చాయి. అప్పుడే పదకొండు రోజులు ఎడతెరపి లేని వాన. పూలగుత్తుల్ని కోసి రెండు వారాలు గాలికి ఆరబెట్టాలి. గాలే తడిగా ఉంటే మూడు వారాలు. నేను ఆరు రోజులకే జాడీలో పెట్టాను. హౌలానీ మూడు రోజులుగా చెంచాడు గంజి కూడా మింగలేదు, నాకు ఓపిక ఎక్కడిది?

జాడీలో పెట్టిన అయిదో రోజు మూత తీశాను. లావుపాటి గుత్తుల మొదట్లో, లోపలి మడతల్లో, తెల్లటి నూగు కనబడింది. ఒక్క క్షణం ఆగాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నలుపు లేదు, పచ్చ లేదు. తెల్లటి తెలుపు. నా అన్నం పెట్టెలో చూసే తెలుపే.

“మన బూజే,” అనుకున్నాను పైకే. పళ్లు తోముకునే బ్రష్షుతో మెల్లగా దులిపాను. వేరే ఎవరైనా ఆ జాడీ తెచ్చి చూపించి ఉంటే, మట్టిలో వేసేదీ ఊపిరితిత్తుల్లోకి పీల్చేదీ ఒకటేనా అని అడిగేదాన్నేమో. నాది కాబట్టి అడగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరికే అనలేదు.

రుఫీనో డ్యూటీలో ఉండగా, వాళ్లింటి వెనక వరండాలో హౌలానీకి చుట్టి ఇచ్చాను. రెండు దమ్ములు లాగి దగ్గింది.

“ఏంటక్కా ఇది, తడి కట్టెల పొయ్యిలా ఉంది?”

“ఊరికే వస్తుంటే వంకలు కూడానా? పీల్చు.”

అరగంటకి వంటింట్లోకి నడిచొచ్చి గిన్నెల మూతలెత్తి చూసింది. వేడి అన్నం, వేయించిన ట్యూనా ముక్కలు పెట్టాను. తింది. మళ్లీ పెట్టించుకుంది.

“అక్కా, చేపలో ఉప్పెక్కువైంది.”

“ఇన్ని నెలల తర్వాత నా వంటకి వంక పెట్టావు. ఇంక బతికినట్టే పో.”

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. మూడు వారాలు అలాగే గడిచాయి. మూడు కిలోలు పెరిగింది. రుఫీనోకి చెప్పొద్దని నేనే దానికి చెప్పాను. అతను ఇంటికొచ్చి ఖాళీ కంచం చూసి, తన చుక్కల మందే పనిచేస్తోందని బస్సెక్కిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. సమయం వచ్చినప్పుడు ఆ గాలి తీస్తాననుకుని నేను లోపల నవ్వుకున్నాను.

నాలుగో వారంలో జ్వరం వచ్చింది. ఆ వెంటే పొడి దగ్గు. హిలో ఆసుపత్రిలో చేర్చుకుని నరానికి మందులెక్కించారు. జ్వరం దిగలేదు. మంగళవారం ఉదయం అక్కడి డాక్టర్ షిరోమా వచ్చి మంచం పక్కన కూర్చుంది. చిన్నపిల్లే, ముప్ఫై అయిదు దాటి ఉండదు.

“హౌలానీగారూ, ఇది మామూలు క్రిమిలా లేదు. ఈ మధ్య మట్టి పని చేశారా? బూజు పట్టినవి ఏవైనా ముట్టుకున్నారా? పొగ ఏమైనా పీల్చారా? ఏదైనా ఫర్వాలేదు, ఎవరూ ఏమీ అనరు.”

రుఫీనో మంచానికి ఆ పక్క నిలబడ్డాడు. నేను అతని వెనక ఉన్నాను. హౌలానీ అతని భుజం మీదుగా నా వైపు చూసింది. చెప్పమంటావా అని అడుగుతోంది.

నేను తల అడ్డంగా ఊపాను.

“లేదు డాక్టర్,” అంది హౌలానీ.

ఇందులో దాచుకోవడానికేమీ లేదు. రుఫీనో ముందు ఓడిపోవడం ఇష్టం లేక ఊపాను. పొగ అని తెలిస్తే నన్ను గదిలోకి రానివ్వడేమోనన్న భయం కూడా ఉంది, కానీ అది రెండోది. మొదటిది పొగరు. మన కొండ బూజు మన పిల్లకి చెడు చేస్తుందంటే నేను ముప్ఫై ఏళ్లుగా జనానికి చెప్పిందేమిటి?

బుధవారం మధ్యాహ్నం డాక్టర్ షిరోమా నన్ను వరండాలో ఆపింది.

“ఆంటీ, ఆమెకి ఓపిక తగ్గుతోంది. ఇంటి సంగతులు మీకే ఎక్కువ తెలుసని మీ మరిది చెప్పారు. ఏదైనా గుర్తొచ్చిందా?”

“మా ఇళ్లు శుభ్రంగా ఉంటాయమ్మా,” అన్నాను. మొహం గంటు పెట్టుకుని మరీ అన్నాను.

ఆ పిల్ల సారీ ఆంటీ అని వెళ్లిపోయింది. సారీ చెప్పించుకున్నాను కూడా.

గురువారం పొద్దున్న స్కాన్ తీశారు. డాక్టర్ షిరోమా కంప్యూటర్ మీద ఆ బొమ్మ పెట్టి చూపిస్తోంది. రుఫీనో కాఫీ తేవడానికి కిందికెళ్లాడు. నల్లటి ఊపిరితిత్తులు రెండు. వాటి నిండా తెల్లటి ఉండలు, అంచుల్లో నూగునూగుగా. ఇది మంచిదేనా ఆంటీ అని ఎవరో పెట్టె తెరిచి చూపించినట్టే ఉంది. గోడ పట్టుకున్నాను.

“పొగ తాగింది,” అన్నాను. “నేనిచ్చాను. నేను పండించిన గంజాయి. దాని మీద తెల్ల బూజు ఉంది. చూసే ఇచ్చాను.”

డాక్టర్ షిరోమా ఫోనందుకుంది. బూజుని చంపే మందు వేరే ఉంటుందట, దాన్ని వెంటనే ఎక్కించమని ఎవరికో చెప్పింది. ఫోను పెట్టేశాక నేను అడిగాను.

“మంగళవారమే చెప్పి ఉంటే?”

“ఆంటీ, ఈ జబ్బులో ఒక్కో రోజూ పెద్దదే,” అంది.

మధ్యాహ్నానికి హౌలానీకి ఊపిరి అందక గొంతులో గొట్టం వేశారు. సాయంత్రం విమానంలో హొనొలులు తీసుకెళ్లారు. రుఫీనోకి జరిగింది నేనే చెప్పాను, విమానాశ్రయంలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని. తడి గుత్తులు, బూజు, బ్రష్షు, అన్నీ చెప్పాను. రెండు రోజుల సంగతి మాత్రం నోట్లోంచి రాలేదు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను రెండు చేతులతో మొహం రుద్దుకుని, “అయితే నా చుక్కలు కాదన్నమాట,” అన్నాడు. “పోన్లెండి వదినా, మూడు వారాలు కడుపునిండా తింది.”

తొమ్మిది రోజులకి హౌలానీ పోయింది. గొట్టం వేశాక మళ్లీ కళ్లు తెరవలేదు.

చర్చి పక్క హాల్లో భోజనాలు పెట్టారు. మా వాళ్లందరూ వచ్చారు. నా దగ్గరికి పెట్టెలు తెచ్చేవాళ్లూ వచ్చారు, కానీ నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి. సొంత చెల్లెల్ని చంపుకుంది అని ఒకామె మరీ అంత చిన్నగా కూడా అనలేదు. ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు.

రుఫీనో లేచి నిలబడ్డాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి, కాగితం కూడా లేదు.

“మా వదిన గురించి మీరంతా ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆవిడ దాన్ని కన్నకూతురిలా పెంచింది. తప్పు ఎవరైనా చేస్తారు. కానీ తెలిసిన మరుక్షణం, పరువు కూడా చూసుకోకుండా డాక్టర్‌తో నిజం చెప్పింది. ఆవిడ చెప్పబట్టే ఆ మందన్నా వేయగలిగాం. మీలో ఎంతమంది అలా చెప్పేవాళ్లు? ఇంక ఈ మాట ఎక్కడా వినబడకూడదు.”

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నన్ను అన్న ఆవిడే వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఒకరు కంచం తెచ్చి ముందు పెట్టారు. ముద్ద తీసుకుందామని చెయ్యి పెట్టాను గానీ ఎత్తలేకపోయాను. లేచి బయటికొచ్చాను. వాన పడుతుంటే చూరు కింద నిలబడ్డాను. నన్ను వెతుక్కుంటూ రుఫీనో వచ్చాడు.

“ఏంటి వదినా, తినకుండా వచ్చేశారు?”

ఊరుకుంటే సరిపోయేది. ఆ డాక్టర్ పిల్ల ఎవరికీ చెప్పలేదని తెలుస్తూనే ఉంది. నా చావు దాకా నన్ను వెనకేసుకొచ్చే మనిషి ఒకడు మిగిలేవాడు.

“తెలిసిన మరుక్షణం కాదు రుఫీనో,” అన్నాను. “మంగళవారం డాక్టర్ అడిగినప్పుడు అది చెప్పబోయింది. నీ వెనక నుంచి నేనే వద్దని తలూపాను. బుధవారం నన్ను విడిగా అడిగింది. అప్పుడూ చెప్పలేదు. గురువారం చెప్పాను.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. వాన వైపు చూస్తూ పెదాలు కదుపుతున్నాడు.

“బుధవారం,” అన్నాడు. “బుధవారం నేను డ్యూటీ దిగి వచ్చాను. ఊరేసిన మామిడి ముక్కలు తినాలనుందంది. కొట్టు మూసేసి ఉంటారు, రేపు తెస్తానన్నాను. మర్చిపోకు అంది. నవ్వింది కూడా.” నా వైపు తిరిగాడు. “బుధవారం ఇంకా మాట్లాడుతోంది కదా.”

“మాట్లాడుతోంది.”

లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచారు. వస్తున్నానని జవాబిచ్చాడు, మామూలు గొంతుతోనే. చొక్కా సర్దుకుని గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరగకుండా ఆగాడు.

“మీరు ఇంటికెళ్లండి ఎడ్నా,” అన్నాడు.

ముప్ఫై ఏళ్లలో అతను నన్ను వదినా అనకుండా పేరుతో పిలవడం అదే మొదటిసారి.