నాగేంద్రమ్మ వదిలేసిన డబ్బా

కార్తీక పౌర్ణమినాడు యమునా బజార్ రేవులో పడవెక్కేటప్పుడే హనుమయ్యకు నాగేంద్రమ్మను చూసి ఒళ్లు మండింది. కంటోన్మెంట్‌లో ఉండే హవల్దారు భార్య ఆవిడ. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. యమున నీళ్లు పట్టుకెళ్లడానికి మూత బిగించిన పెద్ద నూనె డబ్బా ఒకటి ఖాళీది చంకన పెట్టుకొచ్చింది.

"ఈ నురగ నీళ్లు ఇంట్లో చల్లుతారా?" అన్నాడు హనుమయ్య.

"మీ నోట్లో పోయన్లెండి అన్నగారూ. కాస్త జరగండి."

పడవనిండా తెలుగువాళ్లే, అరటి దొప్పల్లో దీపాలతో. హనుమయ్య పక్కన చిన్న కూతురు భానుశ్రీ. నది మధ్యకొచ్చేసరికి తూర్పున చంద్రుడు పొడిచాడు. చంద్రుణ్ణి చూస్తూ దీపం వదలాలని జనమంతా లేచి ఆ వైపుకే ఒరిగారు. "బైఠ్ జాఓ భాయ్" అని, కూర్చోమని పడవవాడు మొత్తుకుంటే వినేదెవరు? పుణ్యం దగ్గర మనవాళ్లు వెనకబడతారా? పడవ బోర్లాపడింది.

హనుమయ్యకు ఈత రాదు. పడవ అంచు చేతికి చిక్కింది గాని, కూతురి చెయ్యి చిక్కలేదు. "పాపా" అని నాన్నను పిలుస్తున్న కేక దూరమైపోతోంది. అటు పోబోయి మునిగాడు, నీళ్లు మింగాడు, మళ్లీ ఆ అంచే దొరికింది.

అప్పుడు కనబడింది నాగేంద్రమ్మ. డబ్బాను గుండెలకు అదుముకుని, కాళ్లు తపతపా కొట్టుకుంటూ పోతోంది. రేవు వైపు కాదు, పిల్ల వైపు. ఆవిడకూ ఈత రాదు.

"ఏడవకు తల్లీ. దీన్ని పొట్టకింద పెట్టుకో. వదిలావంటే చంపేస్తా."

డబ్బా ఇద్దర్నీ మొయ్యదు. ఆవిడ చేతులు తీసేసి మునిగిపోయింది.

రేవు నుంచి పడవలొచ్చాయి. ముందు పిల్లను తీశారు, తర్వాత హనుమయ్యను, పడవ పట్టుకు వేలాడుతున్న మిగతావాళ్లను. నాగేంద్రమ్మ కోసం ఇద్దరు నీళ్లలోకి దూకి వెతకాల్సి వచ్చింది. మెట్ల మీద వీపు చరిస్తే నల్లటి నీళ్లు కక్కి, కళ్లు తెరిచి, "పిల్లేదీ?" అంది.

"యహీఁ హూఁ ఆంటీ, ఇక్కడే ఉన్నా" అంది భానుశ్రీ వణుకుతూ.

ఆవిడ చీర యమున పాలైంది. చుట్టూ చేరిన జనం ఫోన్లు పైకెత్తారు. ఒక్కడూ గుడ్డ తేలేదు. హనుమయ్య నడుమున ఉన్న తడి పంచె విప్పి ఆవిడకు కప్పాడు. నిక్కరుతో ఆవిడకు అడ్డంగా నిలబడి, "మేరీ ఫోటో లో, నా ఫోటో తీసుకోండి" అన్నాడు వాళ్లతో.

"అయ్యో, మీ పరువు పోతుంది అన్నగారూ."

"పోనీ వదినా. మీరు సరిగ్గా కప్పుకోండి."

అంబులెన్సు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.