దట్టించేవాడితో మాట్లాడకూడదు

అయినా, మసకేసింది తుపాకి గొట్టం చివరి ఇత్తడి పూసకా, తన కంటికా? ఎవరినన్నా అడిగితే తేలిపోతుంది. తేలనంతకాలం మనిషి హాయిగా ఉండొచ్చు. అలా అనుకుంటూ లాయిడ్ గ్రేడర్ బ్లేడును ఇంకాస్త దించాడు. రాత్రి వానకు మెత్తబడ్డ మట్టి బ్లేడు అంచున చుట్టలు చుట్టుకుంటూ పక్కకి ఒరిగింది. వెనక అద్దంలో రోడ్డు, అప్పుడే దువ్విన తలలా ఉంది.

కౌంటీ మట్టిరోడ్లు చదును చేయడమే అతని ఉద్యోగం. గుంట పడితే జనం ఆఫీసుకి ఫోన్ చేసి తిడతారు. రోడ్డు బాగుంటే అసలు రోడ్డే లేనట్టు పోతారు. ముప్పై ఏళ్ళుగా క్యాబిన్ ఎడమ కిటికీ తెరిచి నడిపినందుకు ఎడమ చెవి కుడిదానికంటే ఎర్రగా, గరుకుగా తయారైంది. అరవై దాటాడు. చేతులు పెద్దవి, మాట తక్కువ. తనను ఎవరూ గమనించరన్న సంగతి ఒక వయసులో బాధపెట్టేది. ఇప్పుడు అందులో ఒక సుఖం కనిపిస్తోంది. ఎవరూ చూడని మనిషి అన్నీ చూడొచ్చు. గుట్టల మీద ఆస్పెన్ ఆకులు అంచుల్లో పసుపు తిరుగుతున్నాయి. తెల్లవారుజామున ఎక్కడో పైన మగ ఎల్క్ దుప్పి ఒకటి సన్నగా, పొడుగ్గా ఈల వేసింది. వచ్చే శనివారం వేట మొదలు.

అది గొట్టంలోకి తుపాకిమందు దట్టించి పేల్చే పాతకాలం తుపాకుల వాళ్ళ సీజను. దుర్భిణీ బిగించకూడదు. గొట్టం చివర పూస, ఇవతల గురి చూసే గాటు, వాటి వెనక మనిషి కన్ను, అంతే. వేట పర్మిట్ల లాటరీలో ఇన్నేళ్ళకి లాయిడ్ పేరు వచ్చింది. కానీ ఇంట్లో ఇంకో చట్టం ఉంది. అది బావ మెర్విన్ పెట్టింది. డెబ్బై అయిదు గజాల దూరంలో భోజనాల కాగితం పళ్ళెం కట్టాలి. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు కలిపితే అంతే ఉంటాయి. మూడు దెబ్బలూ పళ్ళెంలో పడాలి. పడకపోతే కొండెక్కకూడదు. ఎక్కడో తగిలించుకున్న జంతువు ఏ పొదలోనో రోజుల తరబడి నిలబడి చావడం మెర్విన్‌కి ఇష్టం లేదు. కొన్నేళ్ళ కిందట తన దెబ్బే పళ్ళెం తప్పితే, "అయిపోయిందోయ్" అని నవ్వి, ఆ సాయంత్రమే తుపాకిని గోడకెక్కించాడు.

లాయిడ్ అలా నవ్వగలడా? అదే అతనికి తెలియదు.

మధ్యాహ్నం మెర్విన్‌ని ట్రక్కులో ఎక్కించుకుని పాత కంకర గోతికి వెళ్ళాడు. మెర్విన్ లాయిడ్ భార్య నడీన్‌కి అన్న. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. పొడుగు, ఎముకలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాకు. ఊపిరితిత్తులు పాడై, చక్రాల ఆక్సిజన్ సిలిండర్‌ని కుక్కపిల్లలా వెంట తిప్పుకుంటున్నాడు. ఇంత ఎత్తు కొండల్లో ఉండొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మంచు పడగానే అరిజోనాలో కూతురు కార్లా దగ్గరికి దిగిపోవాలని మాట. ఈలోపు లాయిడ్ తెచ్చే మాంసం తినే వెళ్తానని ముసలాయన పంతం.

"సిలిండర్ బండిలోనే ఉండనీ," అంటూ మడతకుర్చీ మందుపొగ రాని వైపు వేసుకున్నాడు మెర్విన్. "నేనూ నీ తుపాకీ ఒకేసారి పేలిపోతే మా చెల్లి ఎవర్ని తిడుతుంది, పాపం?"

"వెతుక్కుంటుందిలే, బావా."

లాయిడ్ కొత్త డబ్బా తీశాడు. మొన తేలిన బరువైన సీసం తూటాలు, ఒక్కొక్కటి బొటనవేలి కొసంత. దూరం నుంచి కొట్టినా ఎముక విరుస్తాయని కొట్టువాడు చెప్పాడు. మెర్విన్ ఒకటి అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.

"పెళ్ళికొడుకు బాగానే ఉన్నాడు. పిల్లకి నచ్చాలిగా."

నచ్చలేదు. మొదటిది పళ్ళేనికి జానెడు ఎడమగా మట్టిలో దిగింది. రెండోది పైన. మూడోది ఎక్కడ పడిందో దుర్భిణీలో చూస్తున్న మెర్విన్‌కీ కనపడలేదు. ప్రతి దెబ్బకీ ఇత్తడి పూస నీళ్ళలో నాణెంలా అల్లాడింది. లాయిడ్ లోపల ఏదో నెమ్మదిగా కూర్చుండిపోయింది. కన్నే. పొద్దుట్నుంచీ తెలుసు తనకి. నిజానికి పోయినేడాది నుంచీ తెలుసు.

"ఏమోయ్, ఆ మొహమేంటి? అత్తగారి శవం మోస్తున్నట్టు."

"కళ్ళు పోయాయి బావా." మాట బయటికి వచ్చాక అంత పెద్దదిగా అనిపించలేదు.

"ఈ వయసులో ఎవడికి పోలేదు? పూసన్నా కనపడుతుంది, పళ్ళెమన్నా కనపడుతుంది. రెండూ కావాలంటే ఎట్లా? పూసని చూడు. పళ్ళెం మసకేస్తే వేయనీ, అదెక్కడికీ పారిపోదు." మెర్విన్ దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంకోటి. ఆ గొట్టం మా నాన్నది. తూటాని తిప్పే లోపలి మెలిక చాలా నిదానం. గుండ్రటి సీసం గుండు కోసం చేసింది. బరువు తూటాని అది తిప్పలేదు, విసిరి పారేస్తుంది. గుండు వెయ్యి."

"గుండైతే బాగా దగ్గరికెళ్ళాలి."

"వెళ్ళు! మా చెల్లితో ఇన్నేళ్ళు కాపురం చేశావు. చప్పుడు లేకుండా నడవడం నీకెవడు నేర్పాలి?"

లాయిడ్‌కి నవ్వాగలేదు. ఉమ్మి తడిపిన గుడ్డతో గొట్టం తుడిచాడు. మందు కొలిచి పోశాడు. నూనెగుడ్డ మీద గుండు పెట్టి, కడ్డీతో దట్టించాడు. మందుకి నిప్పంటించే రాగి టోపీ తొడిగాడు. పూసని మాత్రమే చూశాడు. తుపాకి భుజాన్ని తన్నింది. తెల్లటి పొగ మెల్లగా పక్కకి జరిగాక మెర్విన్ గొంతు వినిపించింది.

"పళ్ళెంలో. కిందుగా, కానీ పళ్ళెంలో!"

రెండోది దాని పక్కనే దిగింది. తప్పు కన్నుది కాదు, తూటాది. ఇంత వయసొచ్చి, కంకర గోతిలో, పిల్లాడిలా గంతేయాలనిపించింది లాయిడ్‌కి. గంతేయలేదు గానీ మోకాళ్ళు ఆ ఆలోచన చేశాయి.

మూడోదానికి గొట్టం తుడిచి, మందుకొమ్ము చేతిలోకి తీసుకున్నాడు. దట్టించేవాడితో మాట్లాడకూడదు, వాడు బదులివ్వకూడదు. ఇదీ మెర్విన్ పెట్టిందే. మాట్లాడితే ఏదో ఒకటి మరుస్తారు.

"కార్లా ఇవాళ వస్తోంది," అన్నాడు మెర్విన్, దుర్భిణీలోంచి కన్ను తీయకుండా. "సాయంత్రం వెళ్ళిపోతున్నా. మంచు దాకా ఆగకూడదట. నడీన్‌కి తెలుసు. నేనే చెప్పొద్దన్నా."

లాయిడ్ చేతులు వాటంతటవే పనిచేసుకుపోయాయి. గుడ్డ, గుండు, కడ్డీ. టోపీ. పూస నిశ్చలంగా నిలిచింది. మీట నొక్కాడు.

టప్.

అంతే. పొగ లేదు, తన్ను లేదు. మందు పోయనేలేదు.

మెర్విన్ నవ్వాడు. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, దగ్గొచ్చేదాకా నవ్వాడు. లాయిడ్ పరిగెత్తుకొచ్చి, అతన్ని ట్రక్కులోని సిలిండర్ దగ్గరికి నడిపించి, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"ఉత్త గుండు దట్టించాడు! మెడలో వేసుకోవాలి!" మందు మరిచినవాడు ఆ గుండుని సీజనంతా మెడలో వేసుకు తిరగాలన్నది వేట క్యాంపు ఆచారం.

"మాట్లాడింది నువ్వు. నువ్వే వేసుకో."

"మరిచింది ఎవరోయ్?"

కడ్డీ చివర మర బిగించి, గుండులోకి తిప్పి, లాయిడ్ బలం కొద్దీ లాగాడు. సీసాకి బిరడా ఊడినట్టు 'బుప్' మని వచ్చింది. నడుమ మర గాటుతో ఆ గుండుని ట్రక్కు సీటు మీద, మెర్విన్ పక్కన పడేశాడు. అప్పుడు తట్టింది అతనికి. ముసలాయన నియమం మరవలేదు. లోకంలో తను బదులు చెప్పకూడని సమయం అదొక్కటే. అందుకే ఆ సమయాన్నే ఎంచుకున్నాడు. కోపం రాలేదు. తనైనా అదే చేసేవాడు.

ఈసారి మందు పోశాడు. ట్రక్కులోంచి ఊపిరి చప్పుడు తప్ప మాట రాలేదు. మూడోది పళ్ళెం నడుమ దిగింది.

"కొండెక్కు," అన్నాడు మెర్విన్.

లాయిడ్ పళ్ళెం విప్పడానికి వెళ్ళాడు. నింపాదిగా వెళ్ళాడు, నింపాదిగా వచ్చాడు. ముసలాయనకి ఒంటరిగా కాసేపు కావాలేమో అనుకున్నాడు.

ఇంటిముందు కార్లా కారు సామానుతో నిండిపోయి ఉంది. నడీన్ వెనక సీట్లో దిండు సర్దుతూ, "ఎన్ని పడ్డాయి?" అని అరిచింది. "మూడూ!" అన్నాడు మెర్విన్, తనే కొట్టినట్టు. పళ్ళెం లాయిడ్ చేతిలోంచి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. కారు వైపు నడుస్తుంటే ఎడమ బూటు లూజుగా టపటపలాడింది. లాయిడ్ చూశాడు గానీ, వంగి కడతానంటే ఒప్పుకోడని ఊరుకున్నాడు.

"ఏమన్నా అంటావా?" అన్నాడు మెర్విన్ కిటికీలోంచి.

"కార్లా సామాను దట్టిస్తోందిగా," అన్నాడు లాయిడ్. "మాట్లాడకూడదు."

మెర్విన్ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. కారు కదిలింది. పొద్దున లాయిడ్ చదును చేసిన రోడ్డే అది. కారు ఒక్కసారి కూడా కుదుపు లేకుండా, నీళ్ళ మీద పోయినట్టు, వంపు తిరిగింది. ఆ రోడ్డు ఎంత బాగుందో చూసింది మాత్రం లాయిడ్ ఒక్కడే.

తుపాకి తీసుకుందామని ట్రక్కు తలుపు తెరిచాడు. ఇంటికి వస్తున్నప్పుడు లేనిదేదో వెనక చూసే అద్దానికి వేలాడుతోంది. గుండు. మర గాటుని చాకు మొనతో అవతలి దాకా తొలిచి, మట్టి కొట్టుకున్న బూటు తాడు దూర్చి, ముడి వేసి ఉంది.

లాయిడ్ దాన్ని విప్పి, టోపీ తీసి, తల మీంచి మెడలో వేసుకున్నాడు. తాడు పొడుగెక్కువైంది. చొక్కా మూడో గుండీ దగ్గర, చల్లగా, గాటు పడ్డ ఆ చిన్న సీసం గుండు.