ఎత్తుగా వేసిన బంతి

"ఆ కారం సీసా తీసి పారెయ్యమని ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నా! ఈ ఇంట్లో ఎవడు తింటాడది?" అన్నాడు గ్లెన్.

"తినేవాడు వస్తాడు," అంది మార్లా, స్పగెట్టి గిన్నె బల్ల మీద పెడుతూ.

"వచ్చాడులే! నీ వంట ఆ కారం పోస్తే గానీ గొంతు దిగదన్న మొనగాడు వాడొక్కడే."

"నా వంటకి వంక పెట్టాలంటే తిన్నగా పెట్టు. సీసా జోలికి రాకు."

శుక్రవారం ఆట ఉందంటే గురువారం స్పగెట్టి వండాల్సిందే. మార్లా కొడుకు వేడ్ ఊరి హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. వాడు విసిరిన బంతిని అందుకునేది ఎదురింటి లమాంట్. గురువారం భోజనం ఇద్దరికీ ఇక్కడే. ఆ కారం సీసా లమాంట్ కోసమే. వేడ్‌ది బంగారు చెయ్యి అని ఊరంతా మురిసిపోయేది. మార్లాకి మాత్రం వాడి బంతి ఎప్పుడూ మూరెడు ఎత్తుగా పోతున్నట్టు కనిపించేది. లమాంట్ గాల్లోకి లేచి దాన్ని దించుకునేవాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె కూడా కొట్టేది.

సెప్టెంబరులో ఒక ఆటలో లమాంట్ అలాగే ఎగిరాడు. కాళ్ళు నేలకి ఆనేలోగా అవతలి జట్టువాళ్ళు వచ్చి గుద్దేశారు. ఆ మోకాలు ఇక పరుగుకి పనికిరాదన్నారు డాక్టర్లు. ఆట చూసి లమాంట్‌కి సీటిస్తామన్న కాలేజీ మాట తప్పింది. వేడ్‌ని పిలిచిన కాలేజీ మాత్రం ఇంకా పిలుస్తూనే ఉంది. ఆనాటి నుంచి వేడ్ బంతులు కొత్త కుర్రాళ్ళ తలల మీదుగా పోయి ఉత్త గడ్డిలో పడుతున్నాయి. కుర్రాళ్ళకి చేతకావడం లేదని ఊరు తిట్టుకుంటోంది.

వేడ్ వచ్చి కూర్చున్నాడు.

"లమాంట్ రాలేదేంరా?" అంది మార్లా.

"రానన్నాడమ్మా. 'నువ్వెలా వేసినా పట్టుకోవడమే కదరా నా పని' అని నవ్వాడు. నన్ను నాలుగు తిట్టినా బావుండేది."

"ఆటన్నాక దెబ్బలు తగలవా?" అన్నాడు గ్లెన్. "రేపు కాలేజీ కోచ్ నీకోసం వస్తున్నాడు. ముందు ఆ సంగతి చూడు."

"వాళ్ళు చూసి మెచ్చింది లమాంట్‌ని, నాన్నా."

"విన్నావా వీడి మాటలు? నువ్వైనా చెప్పు, మార్లా!"

నీ చేతికేం తక్కువరా అనడానికి మార్లా నోరు తెరిచింది. మూరెడు ఎత్తున పోయే బంతులు గుర్తొచ్చి, గరిటె తీసుకుని స్పగెట్టి వడ్డించింది. వేడ్ ఆమె మొహంలోకి చూసి, చిన్నగా తల ఊపి, కారం సీసా తన కంచం పక్కకి జరుపుకున్నాడు.

"కాలేజీకి ఫోన్ చేసి రావద్దని చెప్పేశా. రేపు నేను ఆడటం లేదు."