మా ఆవిడ మనసు పడింది

"నీకెక్కడ బావుంటే అక్కడికే వెళ్దాం. నువ్వే తేల్చు" అన్నారు మా ఆయన, నేను మడతపెట్టిన బట్టల దొంతరలో అడుగునున్న చొక్కాని లాగుతూ. దొంతర పక్కకి ఒరిగింది. దాన్ని చేత్తో ఆపి, "ఏమిటి తేల్చడం?" అన్నాను. "ఇల్లు. కొండ మీదా, కాలువ ఒడ్డా? నాకెక్కడైనా ఒకటే. ఇంట్లో ఉండేది నువ్వు కదా" అన్నారు.

ఇంట్లో ఉండేది నేనట. పొద్దున్నే ఆయనకంటే ముందు బయటపడి, సాయంత్రం ఆయనకంటే కాస్త ముందు వచ్చి వాలతాను. ఆ కాస్త ముందునే ఇంట్లో ఉండడం అంటారు కాబోలు. ఒరిగిన దొంతరని మళ్ళీ సర్దాను.

ఆయనకి ఈమధ్యే ఆఫీసులో పెద్ద కుర్చీ దొరికింది. కుర్చీకి తగ్గ ఇల్లు ఉండాలని ఇంటిల్లిపాదికీ అనిపించింది. వెతగ్గా వెతగ్గా రెండు చోట్లు మిగిలాయి. ఒకటి ఊరవతల కొండని చదును చేసి కట్టిన కొత్త కాలనీ. గేటు, గేటు లోపల ఇంకో గేటు, కత్తిరించిన గడ్డి. ఆయన పై అధికారి ఉండేది అక్కడే. రెండోది ఊరి నడుమ, కాలువ వెంబడి. పాతకాలపు ఎత్తయిన మేడలు, కింద పుస్తకాల షాపు, బేకరీ, పైన పేరున్న లాయర్లూ డాక్టర్లూ. అదీ డబ్బున్నవాళ్ళ పేటే, కానీ కారు దిగకుండానే చూసి "పాత వాసన" అనేశారాయన. మరి ఎందుకు మిగిలిందంటే, నేను తేల్చడానికి రెండైనా ఉండాలి కదా.

"నువ్వే తేల్చు" అనే మాట నాకు కొత్త కాదు. ఇప్పుడున్న ఇల్లు కూడా నేను తేల్చిందే. చూసిన ఇళ్ళన్నిటికీ ఆయనే వంక పెట్టి, చివరికి మిగిలినదాని గుమ్మంలో నన్ను నిలబెట్టి "నచ్చిందా?" అన్నారు. చంకలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "బానే ఉంది" అన్నాను. ఆ రోజునుంచి బాత్రూమ్ కప్పు కారినా, పైవాళ్ళు కుర్చీలు ఈడ్చినా, కారు పెట్టడానికి చోటు దొరక్కపోయినా "నువ్వు ముచ్చటపడ్డ ఇల్లేగా" అంటూ వచ్చారు. అత్తయ్య కూడా మోకాళ్ళు సలిపినప్పుడల్లా ముందు మెట్లని తిట్టి, తర్వాత నా వంక చూసేవారు. అందుకని ఈసారి తేల్చడం నాకు వదిలేశారనగానే సంతోషం కాదు, ఒక రకమైన కుతూహలం పుట్టింది. నిజంగా నాకు ఏది కావాలి? ఆ ప్రశ్న నన్ను నేను ఎప్పుడూ అడిగినట్టు లేదు. జవాబు ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

నేను చెవి డాక్టరు గారి క్లినిక్కులో వినికిడి పరీక్షలు చేస్తాను. చప్పుడు చొరబడని ఒక చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెడతాను. అద్దానికి ఇవతల కూర్చుని బీప్‌లు పంపిస్తాను, పెద్దవీ, సన్నవీ, ఉందా లేదా అన్నట్టుండేవీ. వినిపిస్తే బటన్ నొక్కాలి. "చెవుల్లో కీచుమనిపించడానికి కూడా జీతం ఇస్తారా?" అని అత్తయ్య మొదట్లో ఆశ్చర్యపోయారు. ఇస్తారు. ఆ జీతం కంటే నాకు ఆ పని ఇష్టం. మనుషులు వింటున్నప్పుడు మొహాలు భలే ఉంటాయి. ఇన్నేళ్ళలో నేను గమనించిందొకటుంది. ఇల్లు నడిపే ఆడవాళ్ళు చాలామంది బీప్ రాకముందే బటన్ నొక్కేస్తారు. "వినిపించిందా అమ్మా?" అంటే "వినిపించినట్టే ఉందండీ, ఎందుకైనా మంచిదనీ" అంటారు. మగవాళ్ళనేమో భార్యలు వెంటబెట్టుకుని వస్తారు, "ఏం చెప్పినా వినబడట్లేదండీ ఈయనకి" అని. పరీక్ష చేస్తే బంగారంలాంటి చెవులు. ఆ మాట ఆవిడకి చెప్పడమే నా ఉద్యోగంలో కష్టమైన భాగం.

కొండ మీద ఇల్లు చూడ్డానికి ఆదివారం నలుగురం వెళ్ళాం, మేమిద్దరం, అత్తయ్య, కాలేజీలో చేరబోతున్న మా అమ్మాయి. జుట్టుకి నల్లగా రంగేసుకున్న బ్రోకరు హాల్లోని పెద్ద అద్దాల తలుపు జరిపి మూసి, వేలు పైకెత్తి, "ఇప్పుడు వినండి" అన్నాడు. విన్నాను. నా పరీక్ష గదిలో ఉన్నట్టే ఉంది. కాసేపుంటే మన రక్తం మనకే వినిపిస్తుంది. అత్తయ్య సోఫాలో కూర్చుని బయటికి చూసి, "ఇక్కడ ఎవరూ ఉండరా?" అని అడిగారు. "ఎవరూ కనపడరమ్మా, అదే ఇక్కడి గొప్ప" అన్నాడు బ్రోకరు. "అమ్మకి ప్రశాంతత ఇష్టం" అన్నారు మా ఆయన. అత్తయ్య ఇంకా బయటికే చూస్తున్నారు.

వంటగది ఇంటికి సరిగ్గా నడుమ ఉంది. గోడల్లేవు, తలుపు లేదు. "మేడమ్ ఇక్కడుంటే చాలు, ఏ మూలనుంచి ఎవరు పిలిచినా వినిపిస్తుంది" అన్నాడు బ్రోకరు, నాకేదో వరమిస్తున్నట్టు. అది నిజమేనా అని నాకు సరదా పుట్టింది. నా పనే అది కదా, పరీక్షించకపోతే తోచదు. అంతలో మా అమ్మాయి తనది కాబోయే బాత్రూమ్‌లో, ఖాళీ తొట్టిలో బట్టలతోనే పడుకుని, నవ్వుకుంటూ "అమ్మా, టవల్" అంది. చిన్నగానే అంది. పక్కన నిలబడి చెప్పినంత స్పష్టంగా వినిపించింది. అప్పుడు నేను అదే గొంతుతో, వంటగదిలోంచే, "కాసిని మంచినీళ్ళు ఎవరైనా ఇస్తారా?" అన్నాను. ఎవరూ రాలేదు. ఇంకోసారి అన్నాను. చప్పుడుకి వచ్చే దారీ పోయే దారీ వేరుగా ఉండవు. అది నాకు బాగా తెలుసు. అయినా ఆ ఇంట్లో అవి వేరుగానే ఉన్నాయి.

ఇంకా నవ్వుకుంటూనే ఉన్నాను, ఆ చివరి పడగ్గదిలోంచి మా ఆయన ఫోను మాట వినబడింది. "అవును సర్, ఇక్కడే ఉన్నాం. ఇక ఖాయమే సర్. మా ఆవిడ మనసు పడింది. చూడగానే ఇదే కావాలంది. మన చేతుల్లో ఏముంటుంది చెప్పండి" అని, భార్యల గురించి మాట్లాడుకునేటప్పుడు మగవాళ్ళు నవ్వే నవ్వు ఒకటి నవ్వారు.

నేనింకా ఏమీ అనలేదు. "బానే ఉంది" అని కూడా అనలేదు.

కోపం వచ్చింది, రాలేదని అబద్ధమెందుకు. కానీ దాన్ని తోసుకుని ఇంకోటి ముందుకొచ్చింది. ఎవరీవిడ? కొండని చూడగానే మనసు పారేసుకున్న ఈవిడ ఎలా ఉంటుంది? ఆలోచిస్తే, నాకంటే ఆవిడే ఈ సంసారాన్ని ఎక్కువగా నడిపింది. మా బూడిదరంగు కారు ఆవిడ ముచ్చటే. మా చెల్లి పెళ్ళికి నేను ఒక్కపూటే ఉండి వచ్చేయడం, "పిల్లని వదిలి ఉండలేదండీ మా ఆవిడ" కాబట్టి. పెద్ద హాస్పిటల్లో నాకొచ్చిన ఉద్యోగాన్ని కాదనుకున్నదీ ఆవిడే, "ఇంటికి దగ్గర్లో చిన్నదైతే చాలంటుంది" అని ఆయన తన స్నేహితులకి చెబుతుంటే, కాఫీ కప్పులు పట్టుకుని నేను కూడా విన్నాను. మంచి మనిషి. ఎప్పుడూ ఆయనకి కావలసినదే కావాలంటుంది. ఎక్కడా మాట తేడా రాదు. ఆవిడ చేసిన ఎంపికలకి మాటలు పడేదాన్ని మాత్రం నేను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో, "ఇక్కడికి బస్సులు రావు కదా, నా క్లినిక్కుకి ఎలా?" అన్నాను. "ఎన్నాళ్ళని చేస్తావు ఆ కీచుకీచులు? నీకూ కాస్త విశ్రాంతి ఉండాలి" అన్నారు. ఒక మలుపు తిప్పాక, "అదీ నీ ఇష్టమే అనుకో" అన్నారు. అప్పుడు పూర్తిగా అర్థమైంది. కొండ ఎక్కితే నా ఉద్యోగం పోతుంది. మానెయ్యమని ఎవరూ అనరు. ఇంకో ఏడాదికి ఎక్కడో, ఎవరితోనో, "మా ఆవిడే మానేసిందండీ, ఇల్లు వదిలి రాబుద్ధి కాదట" అంటారు. నేను ఆ పక్క గదిలో ఉంటాను. ప్రతి మాటా వినిపిస్తుంది.

కాలువ ఒడ్డు ఇల్లు చూడ్డానికి ఒక్కదాన్నే వెళ్ళాను, క్లినిక్కులో మధ్యాహ్నం విరామంలో. నడిచి వెళ్ళగలిగినంత దూరం. అదే బ్రోకరు, కానీ ఈసారి క్షమాపణల మీద క్షమాపణలు. "లిఫ్టు పాతది మేడమ్, గోల చేస్తుంది. కింద సంగీతం స్కూలుంది, ఏమనుకోకండి. గదులన్నీ విడివిడిగా ఉంటాయి, ఈ రోజుల్లో ఇలా ఎవరూ కట్టరు." గోడలు మూరెడు మందం. వంటగది ఓ చివర, దాని పక్కన సన్నటి గది, వీధివైపు ఒక్క కిటికీ, బరువైన తలుపు. "ఇదేం పనికిరాదు, సామాను పడేసుకోవచ్చు" అన్నాడతను. "మీరు హాల్లోకి వెళ్ళి నన్ను గట్టిగా పిలవండి" అన్నాను. వింతగా చూసి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాను. కాసేపయ్యాక తీస్తే, ఎదురుగా మొహం ఎర్రబడి నిలబడి ఉన్నాడు. "పిలుస్తూనే ఉన్నాను మేడమ్" అన్నాడు. పాపం, చాలా గట్టిగా పిలిచాడట.

మళ్ళీ తలుపు వేసుకుని కిటికీ తెరిచాను. ఎంత చప్పుడో. బస్సు ఆగి ఊపిరి వదిలింది. కింద ఎవరో పిల్ల వయొలిన్ మీద ఒకే ముక్కని పదేపదే తప్పు వాయిస్తోంది. బేకరీ ముందు ఇద్దరు దేనికో పడీపడీ నవ్వుతున్నారు. కాలువలో పడవ మనిషి ఎవరినో పేరుపెట్టి తిడుతున్నాడు. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. దేనికోసమో చెవులు రిక్కించుకునే ఉన్నాను, అలవాటు కొద్దీ, ఇందులో నా వంతు ఏదా అని. చాలాసేపు పట్టింది తెలియడానికి. అంత చప్పుడులో నన్ను పిలిచేది ఒక్కటీ లేదు. ఊరంతా తన పని తను చేసుకుంటోంది, నేను వింటున్నాను, అంతే. ఏమీ చెయ్యక్కర్లేదు. ఎక్కడినుంచి వచ్చాయో కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఓహో, నాకు కావలసింది ఇదా, అనుకున్నాను. ఏదో కొత్తమనిషిని కలిసినట్టు సంబరపడ్డాను.

ఆ సాయంత్రం నలుగురం భోజనాల దగ్గర ఉన్నాం. నేను వడ్డించి, చివరికి నా కంచం పెట్టుకుని కూర్చున్నాక, మా ఆయన తీరిగ్గా, "మరి ఏం తేల్చావు?" అన్నారు. మా అమ్మాయి తలెత్తి చూసింది. దాని కళ్ళనిండా ఆ తొట్టి కనిపిస్తోంది. ఆయన చూపులో మాత్రం ప్రశ్న లేదు, సంతకం పెట్టించుకునేవాడి ఓపిక ఉంది.

"కాలువ ఒడ్డు" అన్నాను.

"అదేమిటి? కొండ నచ్చిందన్నావుగా."

"నేననలేదండీ. మీ ఆవిడ అంది. చూడగానే మనసు పడిందట, మీరు ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఆవిడకి అంత నచ్చితే ఆవిడని తీసుకుని మీరు కొండ మీదికి వెళ్ళండి. నేను కాలువ ఒడ్డుకి వెళ్తాను. క్లినిక్కుకి నడిచి వెళ్ళొచ్చు. ఆదివారాలు మిమ్మల్నిద్దరినీ చూడ్డానికి వస్తాను."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు నాకు ఒక అలవాటుంది. "సరదాకన్నాను", "నా ఉద్దేశం అది కాదు", "మీ ఇష్టం లెండి", ఇలా ఏదో ఒకటి చటుక్కున అనేసి ఆ ఖాళీని పూడ్చేస్తాను. ఆ మాటలన్నీ గొంతుదాకా వచ్చి నిలబడ్డాయి. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళ బొటనవేళ్ళు గుర్తొచ్చాయి, ఇంకా రాని బీప్ కోసం తొందరపడే వేళ్ళు. ఊరుకున్నాను. క్లినిక్కులో నేను నేర్చుకున్న అసలు విద్య అదే, శబ్దం పంపించాక మొహంలో ఏమీ కనపడనివ్వకుండా ఎదురుచూడ్డం. ఈ ఇంట్లో దాన్ని ఇంతవరకూ ఎందుకు వాడలేదో మరి. ఏం జరుగుతుందో తెలియదు. తెలుసుకోవాలని మాత్రం చాలా ఉంది.

"అమ్మకి అక్కడి గోల పడదు" అన్నారాయన చివరికి, కంచంలోకి చూస్తూ.

అత్తయ్య చెయ్యి ఆగింది. కొడుకుని చూశారు, నన్ను చూశారు. మెట్లని తిట్టాక చూసే చూపు కాదది.

"ఆ కాలువ ఒడ్డు ఇంటికి లిఫ్టుందా?" అని అడిగారు నన్ను.

"ఉందండీ అత్తయ్యా. పాతది. బాగా చప్పుడు చేస్తుంది."

"చెయ్యనీ" అన్నారు.