బాలారిష్టాలు

ఆ కొత్త యాప్ పేరు ‘పలుకు’. ఆసుపత్రి వ్యాను కావాలంటే ఇకమీదట అందులోనే కబురు పెట్టాలని మా ఆశా కార్యకర్తలందరికీ ఆర్డరు వేశారు. మా కొండ మీద ఫోన్లో మాట సరిగా వినపడదు, మెసేజీ అయితే ఎలాగో దూరుతుంది. అందుకని నేనూ సంతోషించాను. మొదటి వారం ఫొటోలు తలకిందులుగా వచ్చాయి. రెండో వారం నేను టీకాల గురించి పెట్టిన కబురు సీలేరులో ఎవరికో చేరింది. అడిగితే, “కొత్తది కదా మేడమ్, బాలారిష్టాలు” అన్నాడు కంపెనీ తరఫున తిరిగే శ్రీకాంత్. సరేలే అని ఊరుకున్నాను. అదే నా బుద్ధితక్కువ.

మంగళవారం పొద్దున్నే మా ఊళ్లో యర్రమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు, పైగా ఒంట్లో రక్తం తక్కువ. అందరిలాగే నేనూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. “కిల్లో యర్రమ్మకు నొప్పులు. వ్యాను బేగి పంపండి.” కిల్లో ఆమె ఇంటిపేరు. మా దగ్గర కిల్లో అంటే పులి. ఈ కొండల్లో ఏ ఊరికెళ్లినా ఆ ఇంటిపేరువాళ్లు తగులుతారు.

కబురు వెళ్లలేదు. బదులుగా నాకే హెచ్చరిక వచ్చింది. యర్రమ్మను చంపుతానని బెదిరించానట, నా ఖాతా ఆపేశారట! ఇంగ్లీషులో ‘కిల్’ అంటే చంపడమని గుర్తొచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. కొండలెక్కి దిగి ఇంతమందికి పురుళ్లు పోయించిన భానక్కని, నేను చంపుతానా?

తిట్టుకునే తీరిక కూడా లేదు. యర్రమ్మ మొగుడు మంగ్లు డోలీ కట్టాడు. రోడ్డు చేరకముందే, కాఫీ తోటలో, నా చీర అడ్డం పెట్టి కాన్పు చేయాల్సి వచ్చింది. ఆడపిల్ల. పిల్ల ఏడ్చింది గాని తల్లికి రక్తం ఆగలేదు. ఎవరిదో జీపు పట్టుకుని ఆసుపత్రికి చేర్చేసరికి కళ్లు తేలేసింది. రెండు సీసాల రక్తం ఎక్కించాక మళ్లీ మనిషయింది.

మూడోరోజు శ్రీకాంత్ వార్డుకే వచ్చాడు. తప్పయిందంటాడనుకున్నాను.

“మీ ఖాతా తెరిచేశాం మేడమ్. ఇకనుంచి ఆ ఇంటిపేరు పూర్తిగా కొట్టకండి. కె. యర్రమ్మ అంటే చాలు.”

“కొర్రా వోళ్లదీ కె యే, కిల్లో వోళ్లదీ కె యే. ఏ యర్రమ్మో ఎలా తెలుత్తాది సారూ? మీ యాప్ కోసరం మా ఇంటిపేర్లు నరుక్కోవాలేటి?” అన్నాను.

“చూసేది మెషీన్ కదా మేడమ్. ఎవరో ఎవరినో చంపేస్తామంటున్నారనుకుంది. వెంటనే ఆపేసింది. ఒకరకంగా అది మంచిదే.”

మంచిదేనట! నా నోటికి ఏం వచ్చేదో గాని, పిల్లకు పాలిస్తున్న యర్రమ్మ నాకంటే ముందు తలెత్తింది.

“భానక్క నన్ను సంపేత్తాదని మీ మిసను నమ్మినాది గదా బాబూ. మరి నన్ను కాపాడ్డానికి ఒక్కడినైనా పంపలేదేటి?”