ఖాళీ ఉంచాల్సిన గడి

ఫైలులో గడిని గడితో విడదీసే రెండు కామాల మధ్య ఏమీ లేని చోటల్లా వాసంతి వేలు ఆగుతోంది. చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో పిల్లల పేర్లూ, తండ్రుల పేర్లూ, ఫోన్ నంబర్లూ ఇన్నేళ్లుగా కొట్టింది ఆమే. ఇప్పుడు ఆ పాత ఫైళ్లన్నీ కొత్త డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నారు. యాభై దాటిన మనిషి. వేళ్ల కణుపులు ఉబ్బాయి, మెడ ఎడమవైపు తిరగదు. అటునుంచి ఎవరైనా పిలిస్తే కుర్చీతో సహా తిరుగుతుంది. ఆఫీసులో అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది.

పొద్దున్నే ఒక తండ్రి వచ్చాడు. బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ. చొక్కా భుజం మీద మామిడి జీడి మరకలు. కూతురి కొత్త ఐడీ కార్డు బల్ల మీద పెట్టాడు. ‘తండ్రి: కృష్ణ, లేరు’ అని అచ్చయి ఉంది.

“నేనున్న గద మేడం. జర చూడుండ్రి” అన్నాడు.

కోపం లేదు ఆ మనిషికి. బతికే ఉన్నానని చెప్పుకోవడానికి ఒక పూట కూలి వదులుకుని వచ్చాడు పాపం. వాసంతికి తల కొట్టేసినట్టయింది. కార్డు మార్చి ఇస్తామని చెప్పి, మంచినీళ్లిచ్చి పంపింది.

కంప్యూటర్ పని చూసే బిందుమాధవి తెనాలి పిల్ల. జరిగింది విని నాలుక కరుచుకుంది.

“తండ్రి ఫోన్ నంబరు గడి ఖాళీగా వదిలేస్తే లోపలికి తీసుకోవట్లేదండీ వాసంతిగారూ. ఫోన్ లేని తండ్రి ఉండడులే అనుకుని, ఖాళీ ఉన్నచోటల్లా లేరు అని పడేట్టు పెట్టేశాను. తప్పు నాదే. సాయంత్రానికి ఖాళీని ఖాళీగానే తీసుకునేట్టు మార్చేస్తాను.” కాస్త ఆగి, “సిబ్బంది ఫైలులో మీ వారి పేరు పక్కన కూడా అలాగే పడిందండీ” అంది.

వాసంతి కుర్చీతో సహా తిరిగింది.

“అది గూడ ఖాళీగనే ఉంచు బిడ్డ. ఆయన యాడున్నడో తెల్వదు. లేడని నాకెవ్వరు చెప్పలే.”

వాసంతి భర్త అశోక్ పోచంపల్లిలో మగ్గం వదిలి, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో మడతలు పెట్టే పనికి కుదిరాడు. దుకాణం మూతపడింది. కొన్నాళ్లు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు చాయ్ తాగొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. ఇంక ఆశ వదులుకోమని చుట్టాలు చాలాసార్లు చెప్పారు. వాసంతి వినలేదు. ఎక్కడ భర్త నంబరు అడిగినా ఆ గడి ఖాళీగా వదిలేది. ఆ ఖాళీలోనే మొగుణ్ని బతికించుకుంది.

మధ్యాహ్నం దాటాక రిసెప్షన్‌కు ఫోన్ వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగానని, వాసంతిని కలవాలని ఎవరో గోపయ్య. ఆమె మెట్రో ఎక్కి వెళ్లింది. స్టేషన్ మెట్ల కింద నెరిసిన గడ్డపు మనిషి నిలబడి ఉన్నాడు. షోలాపూర్ పవర్‌లూమ్‌లో అశోక్ పక్కన పనిచేసేవాడట.

“మొన్న నిద్రలనే పోయిండు వదినా. ఆడనే దహనం కానిచ్చినం. నీ పేరు, గీ సెంటర్ పేరు ఎప్పుడో ఒకసారి చెప్పిండు.”

“ఎర్కుండి గూడ ఎందుకు రాలే?”

“నేను గూడ అడిగిన. మగ్గం దిక్కు మొకం తిప్పిండు.”

వాసంతి చాలాసేపు రోడ్డు మీద పోయే బస్సులను చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఫోన్ తీసింది.

“బిందూ, నాది మార్చకు.”

“ఇప్పుడే మార్చేశానండీ. ఖాళీగానే ఉంది.”

“మల్ల పెట్టు బిడ్డ. లేరు అని పెట్టు.”

అప్పుడొచ్చింది ఏడుపు. గోపయ్య తాను తెచ్చిన అశోక్ సంచీని ఆమె పక్కన మెట్టు మీద పెట్టి, దూరం జరిగి నిలబడ్డాడు. లోపల ఒక లుంగీ, ఒక తువ్వాల. తువ్వాల మడతలో కళ్లజోడు. ఇంట్లోంచి వెళ్లేనాటికి అశోక్‌కు కళ్లజోడు లేదు. ఎప్పుడు చూపు తగ్గిందో, ఎవరు తోడు వెళ్లి చూపించారో ఆమెకు తెలియదు. మందపాటి అద్దాలు. విరిగిన కాడకు నూలుదారం చుట్టి ఉంది, నేతగాళ్లు తెగిన పోగుకు వేసే ముడితో.