ఎవరు పిలిచినా పలకని ఆట

మా అమ్మాయికి ఐదేళ్లు. ఇంట్లో దాన్ని పిచ్చిక అంటాం. ఊరికే కాదు, కళ్లు తెరిచింది మొదలు కునుకు పట్టేదాకా దాని నోటికి తాళం ఉండదు. బస్సులో పక్కన కూర్చున్న పాపానికి ముక్కూ మొహం తెలియని వాళ్లకు మా ఇంటి గుట్టంతా విప్పేస్తుంది. వాళ్ల నాన్న గురక ఎలా పెడతాడో చేసి మరీ చూపిస్తుంది. అలాంటి పిల్లను గంటసేపు నోరెత్తకుండా కూర్చోబెట్టిన మనిషి ఉందంటే మొదట్లో నేను ఆవిడకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నేను ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు బాగుచేస్తాను. చిరిగిన అట్టలు, ఊడిన కుట్లు, పసివాళ్లు నమిలేసిన మూలలు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. అందరూ బైండింగక్క అంటారు. శనివారం బడికి సెలవు, నాకు లేదు. అందుకని పిచ్చికను వెంట తెచ్చుకుని, కథల మేడమ్‌కి అప్పగించి, నా జిగురు డబ్బా ముందు కూర్చుంటాను. కథల మేడమ్ అంటే పిల్లల విభాగం చూసే ఆవిడ. చిన్నపిల్లలకు కథలు చెబుతుంది, హైస్కూలు పిల్లల చేత నాటకాలు ఆడిస్తుంది, పాత సాక్సులతో బొమ్మలు చేయిస్తుంది. ఆవిడ వచ్చాకే ఈ భవనానికి ప్రాణం లేచి వచ్చిందని ఊరంతా అంటుంది. నేనూ కాదనను. కాకపోతే తను పెట్టిన నియమాలంటే ఆవిడకు కన్నబిడ్డలంత ముద్దు. ఒక్కటి కూడా కిందపడనివ్వదు.

ఈ ఏడాది ఆవిడ కొత్తగా మొదలుపెట్టింది చప్పుడు చెయ్యని ఆట. చిన్నపిల్లలు తలా ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని ఎక్కడైనా దాక్కోవాలి. పెద్దపిల్లలు వెతుక్కుంటూ వచ్చి కవ్విస్తారు, నవ్విస్తారు, పేరు పెట్టి పిలుస్తారు. దొరికితే పర్వాలేదు, నోరు విప్పితే మాత్రం ఓడిపోయినట్టే. మేడమ్ చెక్క డస్టర్‌తో బల్ల మీద సరిగ్గా మూడు దెబ్బలు కొడితేనే ఆట అయినట్టు. అప్పటిదాకా ఎవరు పిలిచినా పలక్కూడదు. మేడమ్ పిలిచినా, ఆఖరికి అమ్మ పిలిచినా.

ఒకసారి నాటకాల్లో వేసే ఓ పొడుగమ్మాయి అచ్చం నా గొంతు పెట్టి, ఇంటికెళ్దాం రావే అని పిలిచిందట. నలుగురు పిల్లలు ఎవరి అమ్మ అనుకున్నారో ఏమో, పరుగెత్తుకొచ్చి ఓడిపోయారు. పిచ్చిక కదల్లేదు. ఆ రోజు ఇంటికొచ్చి కోట గెలిచినంత గొప్పగా చెప్పుకుంది. నేను పడీ పడీ నవ్వాను. ఎదురింటావిడకు కూడా చెప్పి నవ్వించాను.

భవనం వెనక పాత పుస్తకాల గది ఉంది. అక్కడి ఇనుప బీరువాలకు తలుపులుండవు, అరలే. నేలలో పట్టాలు, వాటి మీద ఆ బీరువాలు జరుగుతాయి. ఒక్కో దానికి పక్కన ఒక చక్రం. చోటు కలిసి రావాలని వాటిని వరసగా ఒకదానికొకటి ఆనించి ఉంచుతారు. పుస్తకం కావాలంటే చక్రం తిప్పి, రెండు బీరువాల మధ్య మనిషి పట్టేంత సందు చేసుకుని లోపలికి వెళ్లాలి. సాయంత్రం తాళం వేసేముందు ఆ సందు మళ్లీ మూసెయ్యాలి.

ఆ గది చక్రాల తాతది. రేపో మాపో రిటైరయ్యే మనిషి, ఆ పేరు పెట్టింది పిల్లలే. తాత ఉత్తినే మూయడు. ముందు సందులోకి తొంగిచూసి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని ఒకటికి రెండుసార్లు గట్టిగా అడిగి, ఆగి, అప్పుడు చక్రం మీద చెయ్యి వేస్తాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే. ఖాళీ గదిలో ఆ కేకేమిటి తాతా, నిజంగా ఎవరైనా పలికితే ముందు జడుసుకునేది నువ్వే అని నేను ఆటపట్టించేదాన్ని.

ఆవిడ నియమం మంచిదే, ఈయన నియమమూ మంచిదే. ఆ రెండూ ఒకరోజు ఎదురుపడితే ఏమవుతుందో మాలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

మొన్న శనివారం పొద్దున కరెంటు లేదు. ఎప్పుడూ పొద్దునే ఆడే చప్పుడు చెయ్యని ఆట సాయంత్రానికి జరిగింది. ఆట అయ్యేసరికి గ్రంథాలయం మూసే వేళయింది. మేడమ్ బల్ల మీద మూడు దెబ్బలు కొట్టింది, పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఊడిపడ్డారు, తల్లిదండ్రులు గుమ్మంలో తొందరపెడుతున్నారు. ఆ హడావిడిలో పిచ్చిక కనిపించకపోతే అమ్మ దగ్గరికి పోయి ఉంటుందనుకుంది మేడమ్. నేనేమో అది హాల్లో పెద్దపిల్లలతో సాక్సు బొమ్మలు కుడుతూ ఉంటుందనుకుని తీరిగ్గా చేతుల జిగురు కడుక్కుంటున్నాను.

హాల్లోకి వచ్చేసరికి మేడమ్ ఒక్కతే బొమ్మలు పెట్టెలో సర్దుతోంది. పిచ్చికేదని అడిగాను. మీ దగ్గరికి రాలేదా అంది. అప్పటికి ఇంకా భయం కాదు, కోపం. దొరకనీ దీని పని చెబుతాననుకుంటూ మరుగుదొడ్లు చూశాను, మెట్ల కింద చూశాను, పత్రికల గదిలో బల్లల కింద వంగి చూశాను. పిలుస్తూనే ఉన్నాను. నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది తప్ప జవాబు లేదు.

అప్పుడు వీధి తలుపు మీద పడింది నా చూపు. ఇంతసేపూ బార్లా తెరిచే ఉంది. ఆ వేళకు మా రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. జిరాక్సు కొట్టు అతను చూడలేదన్నాడు. పంక్చర్లు వేసే అతను, ఇటు ఏ పిల్లా రాలేదమ్మా, నేను ఇక్కడే కూర్చున్నానన్నాడు. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాను. బ్రేకు వేసిన చప్పుడు వినిపించిన ప్రతిసారీ అటు పరుగెత్తాను. మళ్లీ లోపలికి వచ్చి, పిచ్చికా, అమ్మనే, పలకవే అని గది గదిలో అరిచాను. చివరికి వెనక వసారాలో, తాళం వేసిన పాత పుస్తకాల గది ముందు చతికిలబడి ఏడ్చేశాను.

మేడమ్ నా వెనకే తనూ పిలుస్తూ తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పిలవకండి," అంది. "మనం పిలిస్తే పలకదు. ఎవరు పిలిచినా పలకొద్దని నేనే చెప్పా. అమ్మ పిలిచినా సరే అని చెప్పా."

ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది. ఎక్కడికో పోలేదు, ఇక్కడే ఉంది. మా కేకలన్నీ వింటూ ఉంది. ఆ ఆలోచన వీధిలో లారీల కంటే ఎక్కువ భయపెట్టింది.

మేడమ్ పరుగున వెళ్లి హాల్లో బల్ల మీద మూడు దెబ్బలు కొట్టింది. ఎవరూ రాలేదు. ఈ గోలకు సైకిల్ తీయబోతున్న చక్రాల తాత వెనక్కి వచ్చాడు. విషయం విని, చేతిలో తాళంచెవుల వంక చూసుకుని అలాగే నిలబడిపోయాడు.

"నేను కేక వేశానమ్మా," అన్నాడు. "రెండుసార్లు వేశా. వంగి చూశా కూడా. ఎవరూ లేరు. మూస్తుంటే మూడో బీరువా కాస్త పట్టేసింది. ఏదో పుస్తకం జారి పడుంటుందిలే అని..."

"అని?" అన్నాను.

"భుజం పెట్టి నెట్టా."

తాత చేతిలో తాళంచెవులు లాక్కుని నేనే తలుపు తీశాను. లోపల బీరువాలన్నీ గోడకు ఆనుకుని ఒక్క దిమ్మలా ఉన్నాయి. మూడోది తెరవాలంటే ఇవతలి వాటిని ఒక్కొక్కటే జరుపుకుంటూ పోవాలి. నేను మొదటి చక్రం పట్టుకున్నాను. రోజూ తిప్పే చక్రమే. ఆ రోజు అరచేతుల్లో చెమటకు జారిపోయింది. తాత పక్కన నిలబడి, ఇటు కాదమ్మా అటు, మెల్లగా, మెల్లగా అంటున్నాడు. మెల్లగా ఎలా తిప్పను, గబగబా ఎలా తిప్పను? పిల్ల కాలో చెయ్యో ఎక్కడ ఇరుక్కుని ఉందో తెలియదు. మేడమ్ డస్టర్ తీసుకొచ్చి ఇనుము మీద ఆపకుండా కొడుతూనే ఉంది. ఆ మోతకు గదంతా దద్దరిల్లుతోంది గానీ, లోపలి నుంచి చిన్న మూలుగు కూడా లేదు.

ఒక బీరువా జరిగింది. ఇంకోటి జరిగింది. చూడాలనీ ఉంది, చూడకూడదనీ ఉంది. మూడోది జరుగుతుంటే పట్టా దగ్గర ముందు కనిపించింది దాని చెప్పు. అప్పడంలా నలిగిపోయి ఉంది. తాత ఏదో అన్నాడు, వినపడలేదు.

సందులో ఎవరూ లేరు. చెప్పు ఒక్కటే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. అట్టలు వేయడానికి పాత పత్రికల సంపుటాలు నేను అక్కడి నుంచే తీసుకెళ్లాను. అన్నిటికన్నా కింది అర ఖాళీగా ఉంటుంది. నేల మీద బోర్లా పడి చూశాను.

పిచ్చిక ఆ అరలో ముడుచుకుని ఉంది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, బొమ్మల పుస్తకం పొట్టకు అదుముకుని, వేలు పెదవుల మీద పెట్టుకుని. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది.

లాగి ఒళ్లో వేసుకున్నాను. తల, చేతులు, వేళ్లు, అన్నీ తడిమి చూశాను. ఒక మడమ దగ్గర తోలు లేచింది, అంతే. ఇంకేమీ కాలేదు. ఎక్కడ నొప్పిగా ఉందే, మాట్లాడవే అన్నాను. మాట్లాడలేదు. కుదిపాను, బతిమాలాను. ఊహూఁ. బస్సంతా వినేలా వాగే నా పిల్ల గుడ్లప్పగించి చూస్తోంది గానీ నోరు తెరవడం లేదు. లోపల ఏదో జరిగింది, దీని మాట పోయింది అనుకున్నాను. ఆ క్షణం నిజంగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడది నా భుజం మీదుగా మేడమ్‌ను చూసి, మూడు వేళ్లు చూపించింది.

ఆవిడకు అర్థమైంది. హాల్లో కొట్టిన మూడు దెబ్బలు తలుపులేసిన ఈ గదిదాకా వినిపించలేదు. ఇక్కడికొచ్చాక కంగారులో ఎన్ని కొట్టిందో ఆవిడకే తెలియదు. మూడు మాత్రం కొట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, నేల మీద మూడంటే మూడే దెబ్బలు కొట్టి డస్టర్ దూరంగా విసిరేసింది.

ఇక వాన కురిసినట్టు మాటలు.

"అమ్మా, ఎదురు బీరువా దగ్గరికొచ్చేసింది. చెప్పు పట్టేసుకుంది, కాలు లాగేసుకున్నా. తాత ఎవరైనా ఉన్నారా అన్నాడు కదా, నేను పలకలేదు. చీకటైపోయింది, పలకలేదు. నువ్వు పిలిచావు, పలకలేదు. తర్వాత నువ్వు ఏడ్చావు. అది కూడా వినిపించిందమ్మా. అయినా పలకలేదు."

చెప్పి మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. శభాష్ అంటామని చూసింది. తాత బీరువాకు ఆనుకుని చేతుల్లో మొహం దాచుకున్నాడు. మేడమ్ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఏడుస్తోంది. గెలిచిన పిల్లను చూసి వీళ్లంతా ఎందుకు ఏడుస్తున్నారో దానికి అర్థం కాలేదు.

నాకు దాన్ని కొట్టాలనిపించింది, మింగేసేంత ముద్దూ వచ్చింది. ఏదీ చెయ్యలేక, ఇకమీదట నేను పిలిస్తే పలకాలి అని మాత్రం అన్నాను. ఆటలో కూడానా అని అడిగింది. ఆటలో కూడా అన్నాను. దాని మొహం చిన్నబోయింది.

"అప్పుడు నేను ఓడిపోతా కదమ్మా."

"ఓడిపో తల్లీ," అన్నాను. "నేను పిలిచిన ప్రతిసారీ ఓడిపో."

అది పుస్తకం గుండెలకు పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. సరే అని మాత్రం అనలేదు.